నలభై మూడు పళ్ళ చక్రం కోసం

కాశీకి పోయినవాళ్ళు గంగ తెస్తారు, తిరుపతికి పోయినవాళ్ళు లడ్డు తెస్తారు. నేను ఒకే వారంలో గద్వాలకు రెండుసార్లు పోయి రెండుసార్లూ ఇనుమే మోశాను. తిరిగొచ్చిన నాడు మా ఇంటామె ఆశగా నా గోనెసంచి తడిమింది. చీరలకు పేరుపడ్డ ఊరు కదా. చేతికి ఇనుప పళ్ళు తగిలేసరికి "అంచు మంచిగ గట్టిగున్నది" అని లోపలికి పోయింది. ఆ పూట నాకు చాయ్ రాలేదు.

అది జీపు వెనక ఇరుసులోంచి తీసిన పాత చక్రం. ఆ చక్రం నేను పెట్టిందే, నేనే తీయించింది. మధ్యలో జరిగిందంతా నా తెలివి. గద్వాల తొవ్వ తెలియనివాళ్ళకూ, తెలిసినా జీపు కింద పండుకొని చూడనివాళ్ళకూ ఇది రాస్తున్నాను.

ముందు మా అక్క సంగతి చెప్పాలి. చంద్రమ్మ నాకంటే ఆరేళ్ళు పెద్ద. పాన్‌గల్ దగ్గరి ఒక పల్లెకు ఇచ్చారు. ఆ ఊరి వెనక గుట్ట మీద అమ్మవారి రాయి ఒకటి ఉంది. గుడి లేదు, పూజారి లేడు. మిరుగం, అంటే మృగశిర కార్తె, వచ్చి తొలివాన పడ్డాక వచ్చే ఆదివారం ఊరంతా గుట్టెక్కి అక్కడే వండుకొని తింటారు. విత్తనం పట్టేది ఆ తర్వాతే. మొదటి పొయ్యి మాత్రం మా అక్కవాళ్ళ ఇంటి పెద్దామె వెలిగించాలి. మిగతా పొయ్యిలన్నిటికీ ఆ పొయ్యి నుంచే నిప్పు. రెండేళ్ళు వరుసగా తప్పితే ఆ పొయ్యి ఇల్లు మారుతుంది. ఇంకొక పట్టింపు ఉంది. గుట్టకు నడిచి ఎక్కవచ్చు, బండి మీద ఎక్కవచ్చు. మనుషుల భుజాల మీద ఎక్కకూడదు.

అక్కకు మోకాళ్ళు పోయాయి. నిరుడు "నా జీపున్నదక్కా, నీకెందుకు రంది" అన్నాను. సగం గుట్ట మీద పెద్ద మెట్టులాంటి రాయి ఉంది. అక్కడ ఇంజను అరిచింది, చక్రం తిరగలేదు, బండి వెనక్కి జారి ఆ రాయికే తన్నుకుంది. వెనక ఇరుసు మూత సొట్టపోయి నూనె కారింది. జనం మంచం తెచ్చారు. అక్క ముట్టుకోనివ్వలేదు.

"బతికుండంగ నలుగురి మీద నేనెక్క. గా ముచ్చట ఒక్కసారే."

కూర్చుంటూ, లేస్తూ, నన్ను తిట్టుకుంటూ దిగింది. పొద్దు నెత్తికెక్కాక పాలోళ్ళ ఇంటి ఈరమ్మ, అక్కకు వరసకు తోటికోడలు, మొదటి పొయ్యి వెలిగించింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఈ యేడు కూడా అక్క ఎక్కకపోతే పొయ్యి పోయినట్టే.

తప్పు జీపుది కాదు. ఇరవై ఏళ్ళ కింద నాగర్‌కర్నూలు, బిజినేపల్లి నడుమ జనాన్ని ఎక్కించుకొని తిప్పుతున్నప్పుడు, బండి ఉరకాలని వెనక ఇరుసులో చక్రాలు మార్పించిన మహానుభావుణ్ణి నేనే. ఇరుసు నడుమ ఇనుప కుండలాంటిది ఉంటుంది, హౌసింగ్ అంటారు. అందులో పెద్ద పళ్ళచక్రం క్రౌన్, దాన్ని తిప్పే చిన్నది పీనియన్. పెద్దదానికి పళ్ళు ఎంత ఎక్కువైతే బండి అంత మెల్లగా, అంత బలంగా లాగుతుంది. నేను తక్కువ పళ్ళది పెట్టించాను. బండి రోడ్డు మీద గుర్రమైంది, గుట్ట చూస్తే దండం పెట్టింది. అప్పుడే ముందు చక్రాలను తిప్పే షాఫ్టు కూడా విప్పి కొట్టంలో పడేశాను, డీజిలు దండగని. ఆ షాఫ్టు మీద ఇరవై ఏళ్ళు కోళ్ళు పండుకున్నాయి.

బిజినేపల్లి చాయ్

సోమవారం పొద్దున బయలుదేరాను. ఆదివారం గుట్ట. షాఫ్టును కడిగి వెనక వేసుకున్నాను. కడిగినా కోళ్ళ వాసన పోలేదు.

బిజినేపల్లిలో చాయ్‌కి ఆగితే ప్లాస్టిక్ కప్పులో పోసిచ్చాడు. వేలంత కప్పు. ఈ ఊళ్ళో నేను పావలాకు గ్లాసు నిండా తాగినవాణ్ణి. ఇప్పుడు మూడు రూపాయలకు రెండు గుక్కలు, అందులో ఒకటి నురగ. ఆ సంగతే అడిగితే హోటలాయన నా జీపు వైపు చూశాడు.

"ఈ యేడన్న గుట్ట ఎక్కుతదా పెద్దాయనా, లేకుంటే మంచం గూడ బండ్లనే ఏసుకపోతున్నవా?"

మా అక్క కోడలి పుట్టిల్లు ఆ ఊరే. వార్తకు నా జీపు కంటే మంచి చక్రాలున్నాయి. బల్ల మీద కూర్చున్న నలుగురూ నవ్వారు. నేను కూడా నవ్వినట్టు చేసి, కప్పు నలిపి పారేసి, దర్జాగా కీ తిప్పాను. బండి స్టార్టు కాలేదు. ఆ నలుగురే లేచి తోశారు.

వనపర్తిలో ఖాదర్ భాయి గుంట

వనపర్తి నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన ఊరు. సంస్థానం ఊరు కదా, అక్కడి మనుషులు పచ్చిమిర్చి కొన్నా దర్బారులో నిలబడ్డట్టే కొంటారు. బస్టాండుకు కొంచెం అవతల ఖాదర్ భాయి షెడ్డు. నేలలో మనిషి లోతు గుంట, దాని మీద బండి, గుంటలో ఖాదర్ భాయి. మనం మాట్లాడేది ఎప్పుడూ ఆయన తలతోనే. నడుముకు కింద ఆయనెట్లా ఉంటాడో నేనెరగను.

సొట్టపోయిన మూత విప్పేసరికి నూనె బదులు నల్లటి పాయసం కారింది. మూత సొట్ట లోపలికి పోయి క్రౌనుకు రాసుకుంటున్నది. పళ్ళ అంచులు మెరుస్తున్నాయి.

"పటేలా, గీ మూత రేకు. రాళ్ళ మీద తిరిగే బండికి గిది ఆగదు. గద్వాలల బసప్ప అని ఉన్నడు, మందంగ దప్పం మూత చేసిస్తడు. క్రౌన్, పీనియన్ జోడి గూడ ఆయన తాననే దొరుకుతది. సరే, ముందటి ఇరుసుల ఎన్ని పండ్లు?"

"క్రౌనుకు ముప్పై తొమ్మిది, పీనియనుకు ఎనిమిది" అన్నాను, రెప్ప వేయకుండా.

"లెక్కపెట్టిన్రా?"

ఇక్కడ నేను లేచి నిలబడ్డాను. నేను బడికి పోలేదు. బజ్జీలు కట్టిచ్చిన కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నాను. మిలిటరీ వాళ్ళ వేలంలో ఈ జీపు కొన్నప్పుడు దానితో ఇంగ్లీషు పుస్తకం ఒకటి వచ్చింది. అందులో ఒక్క ముక్క చదవలేక, బొమ్మలు చూసి మొత్తం బండి విప్పి బిగించినవాణ్ణి. మా ఊళ్ళో ఎవరి పొలం గట్టు ఎక్కడుండెనో ఇప్పటికీ నన్నే అడుగుతారు. అటువంటి నన్ను లెక్కపెట్టావా అని!

"ముప్పై ఏండ్ల కింద నా చేతులతోని లెక్కపెట్టిన. నా యాదికి తిరుగులేదు."

"తిరుగు లేదు గని" అన్నది గుంటలోని తల, "ముందటి చక్రం లేపి తిప్పి సూద్దాం. చక్రం ఒక్క సుట్టుకు షాఫ్టు తగిలించే ఇరుసు మూతి ఎన్ని సుట్లు తిరుగుతదో సుద్దముక్కతోని గుర్తు పెట్టుకుంటే తెలుస్తది. ముందు, ఎనక ఒక్క తీరు లేకుంటే పరేషాన్ అయితం. ఎంతసేపు, చాయ్ తాగేంతసేపు."

"గా చాయ్ తాగేంతసేపట్ల నేను బస్సెక్కుత" అన్నాను.

ఖాదర్ భాయి పాత మూతను గుంటలోంచి పైకి అందించాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"సరే పటేలా. వచ్చేటప్పుడు బీచుపల్లి హనుమంతుని గుడి తాన జర సింధూరం తెండ్రి."

"నీకెందుకయ్యా సింధూరం?"

"నూనెల కలిపి పండ్లకు రాస్త. చక్రం తిప్పితే పన్ను పన్నుకు యాడ తగులుతుందో అచ్చు పడ్తది. మీ హనుమంతుని సింధూరమంత చక్కగ ఏదీ పట్టది. ముప్పై ఏండ్ల సంది నా బండ్లన్నీ ఆయనే నడిపిస్తుండు."

కృష్ణ మీద వాసన

ఆ పూట బస్సు దొరకలేదు. మంగళవారం బస్సులో గద్వాల. కొలతకని పాత మూతను గోనెసంచిలో వేసుకొని సీటు కింద పెట్టాను. తుడిచాననే అనుకున్నాను. పాత హౌసింగ్ నూనె వాసన ఎరిగినవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఎరగనివాళ్ళు కుళ్ళిన గుడ్లను ఇంగువలో వేయించినట్టు ఊహించుకోండి.

పెబ్బేరు దాటగానే ముందు సీట్లో పల్లికాయల మూటతో కూర్చున్న ఆమె ముక్కు మూసుకొని వెనక్కి తిరిగింది.

"ఏంది తాతా, సంచిల ఎవర్ని పెట్టినవ్?"

"జీపు మూత."

"సచ్చి ఎన్ని దినాలాయె?"

బస్సంతా నవ్వింది. కండక్టరు నవ్వుతూనే వచ్చి ఇనుముకు లగేజీ టికెట్టు కొట్టాడు. పల్లికాయల మూట నా సంచికి నాలుగింతలుంది, దానికి టికెట్టు లేదు. ఇదేం న్యాయమని అడిగాను. "పల్లికాయలు వాసన రావు" అన్నాడు. ఇంతలో నూనె ఒక గీతలాగా పాకుతూ పోయి అతని చెప్పును అంటింది. దాంతో నన్ను వెనక తలుపు దగ్గరికి పంపారు.

బీచుపల్లి వంతెన నిలబడే దాటాను. వానలింకా ఎగువన పడలేదు. కృష్ణలో రాళ్ళే ఎక్కువ కనబడుతున్నాయి. అందరూ కిటికీల్లోంచి చిల్లర వేసి మొక్కుతున్నారు. నేనూ ఒక రూపాయి వేశాను. అది కమ్మీకి తగిలి వెనక్కి వచ్చి మెట్టు మీద పడింది. పల్లికాయలామె చూసింది.

"నీళ్ళు గూడ వద్దన్నయి తాతా" అని చెప్పి, పాపం, తర్వాత దోసెడు కాయలు చేతిలో పోసింది.

గద్వాలలో బసప్ప

గద్వాల గాలిలోనే కన్నడం కొంచెం కలిసి ఉంటుంది. మా దగ్గర పొద్దున జొన్నరొట్టె మిగిలితే తింటాం. అక్కడ ఉగ్గాని. నానబెట్టిన బొరుగులను ఉల్లిగడ్డ, పచ్చిమిర్చితో తిరగమోత పెట్టి, పైన పుట్నాలపొడి చల్లి, పక్కన మిర్చి బజ్జీ పెడతారు. ప్లేటు ఎనిమిది రూపాయలు. బొరుగులు పిల్లల తిండి అనుకొనేవాణ్ణి. రెండో ప్లేటు అడిగినప్పుడు ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

బసప్ప దుకాణం ముందు ఇనుము గుట్టలుగా పడి ఉంది. మనిషి మాత్రం తెల్లటి పంచెలో పెండ్లికి పోతున్నట్టు కూర్చున్నాడు. "బర్రి, బర్రి, కూడ్రి" అని స్టూలు జరిపి, చాయ్ తెప్పించి, అది తాగేదాకా బేరం మాటెత్తలేదు. గాజు గ్లాసు, నిండా పోశారు. ఆ చాయ్‌తోనే నేను మెత్తబడ్డాను. బేరగాళ్ళు జాగ్రత్తగా ఉండాలి.

మూత ఆయన చేసే పద్ధతి చూడాలి. ట్రాక్టరుతో దున్నే గుండ్రటి ఇనుప పళ్ళెం ఉంటుంది కదా, డిస్కు, అది అరిగిపోయాక రైతులు ఆయనకు అమ్ముతారు. దాన్ని గుండ్రంగా కోసి, చుట్టూ మందపాటి ఇనుప పట్టీ అతికి, పట్టీకి పది బోల్టుల రంధ్రాలు వేస్తాడు. పళ్ళెం వంపే మూతకు బొజ్జ. నేలలో రాళ్ళను కోసి కోసి అరిగిన ఇనుము అది.

"ఇరవై ఏండ్లు రాయి తిన్న డిస్కు ఇది, యజమానీ. మీ గుట్ట రాయి దీన్ని ఏం జేస్తది?"

ఆ మాటకు నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. తర్వాత క్రౌను, పీనియను అడిగాను. ఆ రెండూ ఒకదానితో ఒకటి అరిగిన జత. విడదీసి అమ్మరు. తీగతో కట్టి, ఆలుమగల్లాగా ఒకేచోట పెడతారు. బసప్ప కూడా అదే అడిగాడు.

"ముందటి ఇరుసుల ఎన్ని పళ్ళు?"

"ముప్పై తొమ్మిది, ఎనిమిది."

"ఖాయమేనా? ఆ కాలం మిలిటరీ జీపులకు ముందల నలభై మూడు ఉంటది, నేను సూసినంతవరకు."

"నీ వయసెంత?" అన్నాను.

"నలభై."

"నా యాది నీకంటే పెద్దది."

బసప్ప లేచాడు. ముప్పై తొమ్మిది పళ్ళ జత తీసి ఇచ్చాడు. పక్కనే ఉన్న ఇంకొక జతను తీసి తన స్టూలు కింద పెట్టి, పైన గోనె కప్పాడు. ఎందుకో అప్పుడు నేను పట్టించుకోలేదు. తిరుగు బస్సులో బీచుపల్లి దగ్గర దిగి సింధూరం కొన్నాను.

పాన్‌గల్ తొవ్వలో ముందూ వెనకా

బుధవారం సాయంత్రానికి ఖాదర్ భాయి పని ముగించాడు. సింధూరం రాసి తిప్పి, పళ్ళ మీద అచ్చు చూసి, పలచటి రేకులు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, అచ్చు సరిగ్గా పన్ను నడుమకు వచ్చేదాకా నాలుగుసార్లు విప్పాడు. కొత్త మూత బిగించాక నేను దాని మీద చెయ్యి వేసి తట్టాను, ఎద్దు వీపు తట్టినట్టు. ముందు షాఫ్టు కూడా ఎక్కింది.

"పటేలా, ముందటి చక్రాల లివరు ఇప్పుడే ఎయ్యకుండ్రి. చాయ్ తాగేంతసేపు ఆగితే..."

నేను ఆగలేదు. గురువారం పొద్దున పాన్‌గల్ దారి పట్టాను. అక్కకు ముందే చూపించాలి కదా. తారురోడ్డు మీద, ఎదురుగా బస్సు కోసం నిలబడ్డ పదిమంది కనబడ్డారు. నాలుగు చక్రాలూ ఒకేసారి లాగితే ఎట్లా ఉంటుందో చూడండిరా అని లివరు వేశాను.

చూశారు. నేనూ చూశాను. బండి కప్పలాగా ఎగరడం మొదలుపెట్టింది. స్టీరింగు బిగుసుకుంది. టైర్లు కుక్కపిల్లల్లాగా కుయ్యిమన్నాయి. వెనక చక్రాలు పది చుట్లు తిరుగుతామంటాయి, ముందు చక్రాలు తొమ్మిదే తిరుగుతామంటాయి. తారు మీద జారే వీల్లేదు, మధ్యలో నేను. లివరు వెనక్కి గుంజితే రాలేదు. రెండు చేతులతో గుంజాను. కింద ఠప్పుమని చప్పుడు, తర్వాత గంట కొట్టినట్టు షాఫ్టు రోడ్డుకు తగులుతూ మోగింది. షాఫ్టు మూతి దగ్గర కీలులాగా ఉండే క్రాసు విరిగిపోయింది.

బస్సు కోసం నిలబడ్డవాళ్ళలో ఒక ఆమె దగ్గరికొచ్చి వంగి చూసింది.

"బండ్లె ఎవరో కొట్లాడుకుంటుండ్రు కదా?"

"ఎవరూ లేరమ్మా. నేనొక్కణ్ణే."

"మరి గట్ల దునికిందేంది?"

షాఫ్టు విప్పి ఒళ్ళో పెట్టుకొని వెనక చక్రాలతోనే వనపర్తికి తిరిగి వచ్చాను. ఖాదర్ భాయి జాకీ తెచ్చాడు. ముందు చక్రాలు రెండూ లేపి, టైరు మీద ఒకటి, ఇరుసు మూతి మీద ఒకటి సుద్దగీత గీసి, రెండు చాయ్‌లు చెప్పాడు. ఆయన చక్రం తిప్పాడు, నేను లెక్కపెట్టాను. చక్రం ఒక్క చుట్టుకు మూతి ఐదు దాటి ఇంకొక మూడో వంతు తిరిగింది. ఐదుకు లోపే ఆగాలి, నా ముప్పై తొమ్మిది నిజమైతే. మళ్ళీ తిప్పమన్నాను. మళ్ళీ అంతే. నలభై మూడు.

నా చాయ్ ఇంకా సగం ఉంది.

మళ్ళీ గద్వాల

శుక్రవారం మళ్ళీ అదే తొవ్వ. దేవుడున్నాడు అనుకునేలోపే అదే కండక్టరు ఎదురయ్యాడు. నన్ను చూడగానే కాళ్ళు పైకి తీసుకున్నాడు. ఈసారి సంచిని మూడు గోనెల్లో చుట్టాను. అయినా టికెట్టు కొట్టాడు. ఈసారి న్యాయం అడగలేదు.

బసప్ప ఊరి అవతలికి పోయాడట, మధ్యాహ్నానికి వస్తాడట. ఎండలో నిలబడలేక పక్క సందులో ఒక మగ్గం ఇంటి అరుగు మీద కూర్చున్నాను. నేత నేసే ఆయన పేరు సత్తెన్న. లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చాడు. ఆయనా గుంటలోనే కాళ్ళు పెట్టుకొని కూర్చున్నాడు, మగ్గం గుంట. నాకీ వారమంతా గుంటల్లో ఉన్న మనుషులతోనే రాసిపెట్టి ఉంది. కాలు చాపబోతే "మగ్గం దాటొద్దు పెద్దాయనా, సుట్టు తిరిగి రాండ్రి" అన్నాడు. మా ఊళ్ళో నాగలి దాటం. అర్థమై చుట్టు తిరిగి వచ్చాను.

నడుమ నూలు, రెండు పక్కలా పట్టు అంచు. పోగు పోగుకూ అంచు పోగును నడుమ పోగుతో మెలిపెట్టి నేస్తున్నాడు. ఊరికే కూర్చోలేక నా కథంతా చెప్పాను. సత్తెన్న చెయ్యి ఆపలేదు.

"గిదేం కొత్త? నడుమ ఒక తీరు, అంచు ఒక తీరు గుంజితే చీర ముడుసుకపోతది. కడితే ఆడమనిషి నడవలేదు. అందుకే ఎత్తుకునేటప్పుడే రెండు దిక్కులా పోగులు లెక్కపెడ్తం."

"నువ్వు యాది మీద పోవా? ఎన్నేండ్ల సంది నేస్తున్నవ్?"

"ముప్పై ఐదేండ్లు. దినాం లెక్కపెడ్త. నిన్న సరిగ్గున్నదని ఇయ్యాల ఉంటదా?"

ఇంకొక చెంబు నీళ్ళు తాగాను.

బసప్ప వచ్చాడు. నన్ను చూసి నవ్వలేదు, అది ఆయన మర్యాద. స్టూలు కింద చెయ్యి పెట్టి గోనె తీశాడు. నలభై మూడు పళ్ళ జత, తీగతో కట్టి ఉన్నది ఉన్నట్టే ఉంది.

"మొన్ననే తీసిపెట్టిన. వస్తరని తెలుసు."

"మొన్న చెప్పొద్దా?"

"చెప్తి కదా యజమానీ. వయసెంత అంటిరి."

నా సంచిలోని ముప్పై తొమ్మిది పళ్ళ జతను వాపసు తీసుకొని, విరిగిన క్రాసుకు బదులు ఇంకొకటి చేర్చి ఇచ్చాడు. పైగా ఉగ్గాని తినిపించాడు. బయలుదేరేటప్పుడు ఆయన కాళ్ళు మొక్కాలనిపించింది. నలభై ఏళ్ళవాడు, బాగుండదని ఊరుకున్నాను.

గుట్ట

శనివారం ఖాదర్ భాయి మళ్ళీ గుంటలో దిగి, మళ్ళీ సింధూరం రాసి, రెండు ఇరుసులనూ సుద్దగీతలతో తిప్పి చూసి, నా చేత లెక్కపెట్టించి, అప్పుడు వదిలాడు. ఆదివారం తెల్లవారేసరికి అక్క ఇంటి ముందున్నాను.

అక్క కొత్త చీర కట్టుకొని, ఒళ్ళో గిన్నె, అగ్గిపెట్టె పెట్టుకొని ముందు సీట్లో కూర్చుంది.

"ఎక్కుతదారా?"

"ఎక్కుతదక్కా."

"నిరుడు గూడ గిట్లనే అన్నవ్."

తారురోడ్డు దిగి, మట్టిలోకి వచ్చాక లివరు వేశాను. కళ్ళు మూసుకున్నానని ఒప్పుకుంటాను. బండి ఎగరలేదు. నాలుగు చక్రాలూ ఒక్క మాట మీద నేలను పట్టుకున్నాయి. గుట్ట మొదలైంది. ఇంజను అరవలేదు, గొణిగింది. బండి ఎక్కుతున్నది, కానీ ఎంత మెల్లగా అంటే, ఇటు పక్క ఒక తొండ మాతోపాటు వచ్చి, విసుగుపుట్టి ముందుకు పోయింది. జనం గంపలతో మమ్మల్ని దాటిపోతున్నారు. ముసలివాళ్ళు కూడా.

దాటిపోలేనిది ఈరమ్మ ఒక్కతే. ఆమెకు అరవై దాటాయి, నెత్తిన బువ్వగంప, సరిగ్గా నా బండి నడకే ఆమె నడక. అక్క కూర్చున్న పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో నడుస్తున్నది. ఇద్దరూ ఎదురుగా చూస్తున్నారు. ఎంతసేపని చూస్తారు? బండి ముందుకు పోదు, ఆమె వెనక్కి పడదు. తొవ్వ ఒక్కటే.

చివరికి అక్కే అన్నది, గుట్టతో అన్నట్టు.

"చెప్పి ముట్టిస్తే ఏమైతుండె?"

"పొద్దు నెత్తికొచ్చె, పోరగాండ్లు ఆకలని ఏడ్సిరి" అన్నది ఈరమ్మ. "నీ తానికి మనిషిని పంపుదమంటే నీ తమ్ముని బండి తొవ్వకు అడ్డం పడుండె. పక్క పొంట దిగుదమంటే తొవ్వంత నూనె. పంపిన మనిషి జారిపడి మల్ల పైకే వచ్చిండు."

ఈ సంగతి నాకు ఏడాదిగా తెలియదు. అక్కకూ తెలియదు. అక్క మెడ నా వైపు తిరిగింది. నేను తొవ్వ మీదే చూపు పెట్టాను.

"వీడు నాకు చెప్పలే" అన్నది అక్క.

"ఈనెకేం తెల్సు, బండి కిందనే ఉండె గద."

ఇద్దరూ నవ్వారు. అక్క గంప దించి తన కాళ్ళ దగ్గర పెట్టమన్నది. ఈరమ్మ పెట్టింది. ఆ తర్వాత వాళ్ళు ఆగలేదు, కోడళ్ళు, మోకాళ్ళు, విత్తనాల ధర. మెట్టురాయి వచ్చింది. ముందు చక్రం ఎక్కింది. వెనక చక్రం ఎక్కేటప్పుడు బండి కుంగి, కింద మూత రాయికి తగిలి పెద్ద చప్పుడైంది. నా గుండె ఆగింది. బండి ఆగలేదు.

"ఏందిరా చప్పుడు?"

"ఏం లేదక్కా."

"వారమంత యాడికి పోయినవ్ రా? అడుగుదమంటే మరిసిన."

చెప్పాను. ముప్పై తొమ్మిది సంగతి కూడా చెప్పాను.

"ముప్పై తొమ్మిదా?" అన్నది అక్క. "గవి మన నాయిన గొర్లు రా. పొద్దుమూకినంక నిన్ను దడికాడ నిలబెట్టి లెక్కపెట్టిస్తుండె. ఒక్కటి తక్కువైతే దెబ్బలు."

అవును. ముప్పై తొమ్మిది. దడి దగ్గర ఒక్కొక్కటి నా మోకాలికి రాసుకుంటూ పోయేది. నా యాదికి తిరుగులేదు, చక్రానివో గొర్రెలవో అన్నది తప్ప.

పైకెక్కేసరికి అందరూ రాళ్ళు పేర్చుకొని నిప్పు కోసం కూర్చున్నారు. అక్క దిగింది, తన కాళ్ళ మీద నాలుగడుగులు వేసి మొదటి పొయ్యి దగ్గర నిలబడ్డది. వంగబోయింది. మోకాలు వంగలేదు. అగ్గిపుల్ల గీసి, వెలుగుతున్న పుల్లను ఈరమ్మ చేతికిచ్చింది.

"నువ్వు వంగు."

ఈరమ్మ తీసుకోలేదు. "నీ పొయ్యి అక్కా."

"నా పొయ్యే. నేనే ఇస్తున్న. తప్పిపోయిందనొద్దు ఎవరు, చంద్రమ్మ ఇచ్చింది అనాలె. జల్ది పట్టు, చెయ్యి కాలుతుంది."

ఈరమ్మ వంగి ముట్టించింది. అందరూ ఆ పొయ్యి నుంచి నిప్పు తీసుకున్నారు. వచ్చే యేడు సంగతి ఎవరో అడిగితే, అక్క "ఆమె కాళ్ళు మంచిగున్నయ్" అన్నది, అంతే.

నా బండి వైపు ఎవరూ చూడలేదు. నేను పోయి దాని కింద పండుకున్నాను. మూత మీద జానెడు తెల్లటి గీత. సొట్ట లేదు. వేలితో చుట్టూ తడిమాను, నూనె చుక్క లేదు. కొంచెంసేపు అక్కడే ఉన్నాను, నీడ బాగుందని.

తిని దిగేటప్పుడు ఈరమ్మను కూడా బండెక్కమన్నాను. ఖాళీ గంప నెత్తిన పెట్టుకొని అప్పటికే రెండడుగులు వేసింది.

"వద్దులే అన్నా, నాకు జర జల్ది పోవాలె."